పసుపు అంటని కార్డు

రిటైరయ్యానంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. "ముప్పై రెండేళ్లకు రిటైరయ్యేది క్రికెటర్లే" అంటారు మా ఆయన. విజయనగరం వైపు నుంచి వచ్చి ఇన్నేళ్లయినా యాస మార్చుకోని మా అమ్మ మరీ సూటిగా అడుగుతుంది: "పింఛనేటైనా వస్తాదేటే?" రాదు. బదులుగా ఇంకా ఏడాది నిండని కొడుకున్నాడు. వాడు పుట్టే వరకు సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేటలోని ఒక డీటీపీ సెంటర్‌లో పుస్తకాలు, కార్డులు, బోర్డులు డిజైన్ చేశాను. మళ్లీ వస్తానని చెప్పి వచ్చాను. ఒకసారి వాడికి జలుబు, ఒకసారి పళ్లు, ఒకసారి ఏమీ లేకపోయినా నాకు భయం. ఇప్పుడు నా కుర్చీలో శిరీష అనే అమ్మాయి కూర్చుంటోంది. కాబట్టి రిటైరైనట్టే లెక్క.

పోయిన వారం శిరీష ఫోన్ చేసి రెండు ప్రశ్నలడిగింది.

"అక్కా, పేజ్‌మేకర్, కోరల్ డ్రా, ఫోటోషాప్, మూడిట్ల ఏది ముందు గట్టిగ నేర్చుకోవాలె? అమీర్‌పేటల మూడింటికి మూడు కోర్సులంటున్నరు. నాకు మస్తు పరేషాన్ అయితుంది."

రెండోది: "నీ మానిటర్ నాలుగు మూలలకు ఈ పచ్చ మరకలేంది? స్పిరిట్ పెట్టి తుడిచినా పోతలేవు."

జవాబు చెప్పేలోగా మావాడు లేచాడు. అందుకని ఇప్పుడు, వాడు పడుకున్నాక, ఒక చెయ్యి వాడి నుదుటి మీద ఉంచి రెండో చేత్తో రాస్తున్నాను. జ్వరం లేదని థర్మామీటర్ చెబుతోంది. నేను దాన్ని పూర్తిగా నమ్మను. అద్దం మీద కనిపించేదాన్ని చేత్తో ముట్టుకుని చూసుకునే అలవాటు నాకు ఉద్యోగంలోనే అబ్బింది. ఎలా అబ్బిందో చెబితే శిరీష ప్రశ్నలు రెండింటికీ జవాబు వచ్చేస్తుంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మిగతావాళ్లకూ పనికి రావచ్చు.

కింద ప్రెస్సు, పైన మేము

మా సెంటర్ మేడ మీద ఉండేది. కింద యాదగిరి గారి ప్రెస్సు. ఆయనే మా యజమాని. అచ్చు యంత్రాల మధ్య పెరిగిన మనిషి. కంప్యూటర్ అంటే గౌరవం ఉంది గానీ నమ్మకం లేదు. రోజూ పొద్దున పైకి వచ్చి మానిటర్‌కు దండం పెట్టి, "దీన్ల కనబడ్డదంత కింద కనబడదు, యాదుంచుకోన్రి" అని చెప్పి దిగిపోయేవారు. మేము నవ్వుకునేవాళ్లం.

పైన రెండు కంప్యూటర్లు, ఇద్దరు మనుషులు. ఒకటి శేఖర్‌ది. సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగినవాడు, ఫోటోషాప్ భక్తుడు. తన ఫోటోలో తన జుట్టును తానే ఒత్తుగా చేసుకుని, ఆ ఫోటోనే పెళ్లి సంబంధాలకు పంపుకున్నవాడు. రెండోది నాది. డిగ్రీ చదివి, తెలుగు టైపింగ్ వచ్చని చేరాను. నాకిచ్చిన పని ప్రైవేటు స్కూళ్ల ప్రశ్నపత్రాలు. "కింది ఖాళీలను పూరింపుము" అని ఎన్నిసార్లు కొట్టానో చెప్పలేను. ఖాళీ సమయంలో కోరల్ డ్రా నేర్చుకున్నాను. శేఖర్ చేసే పెళ్లి కార్డులు చూసి, ఇంతకంటే బాగా చెయ్యొచ్చని మనసులో అనుకునేదాన్ని. ఒక్కోసారి పైకే అనేసేదాన్ని.

అది ఊరంతా జావా నేర్చుకుంటున్న కాలం. చుట్టాలెవరు వచ్చినా "కంప్యూటర్ మీదే కదా పని, మాదాపూర్ వెళ్లిపోకూడదూ?" అనేవారు. కంప్యూటర్ ముందు కూర్చున్న వాళ్లందరిదీ ఒకటే పని అని వాళ్ల ఉద్దేశం. కుట్టుమిషన్, కారు, రెండింటికీ కాళ్లు వాడతాం కదా అన్నట్టు.

మూడింటి స్వభావాలు

శిరీషా, ముందు వీటి గుణగణాలు చెబుతాను. కోర్సు చెప్పేవాళ్లు బటన్లు చూపిస్తారు గానీ స్వభావం చెప్పరు.

పేజ్‌మేకర్ రైల్వే రిజర్వేషన్ కౌంటర్‌లో కూర్చున్న పాత గుమాస్తా లాంటిది. వరసలో రమ్మంటుంది. సరసాలు పనికిరావు. పద్ధతిగా పెడితే మాత్రం ఎంత లావు పుస్తకమైనా పేజీ నంబర్లతో సహా అప్పజెబుతుంది. మొదటి అధ్యాయంలో ఒక పేరా పెంచితే తర్వాతి పేజీలన్నీ తమంతట తామే సర్దుకుంటాయి. కానీ ఒక పువ్వు గియ్యమంటే గుమాస్తాను పాట పాడమన్నట్టే ఉంటుంది.

కోరల్ డ్రా మోండా మార్కెట్. అన్నీ ఉంటాయి, ఎక్కడున్నాయో మనమే వెతుక్కోవాలి. అందులో గీసిన బొమ్మను విజిటింగ్ కార్డంత చేసినా, షాపు బోర్డంత చేసినా అంచు చెదరదు. ఒక ఆకారంలోంచి ఇంకో ఆకారాన్ని కత్తిరించి తీసెయ్యడం దీనికి వెన్నతో పెట్టిన విద్య. ఒక్క జాగ్రత్త. మన తెలుగు ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చి గీతలవుతాయి. అందుకని బయటికిచ్చే ముందు అక్షరాలను బొమ్మలుగా మార్చేస్తాం, కర్వ్స్ చెయ్యడం అంటాం. మార్చాక అవి ఇక అక్షరాలు కావు. పెళ్లికొడుకు బాబాయి పేరు మర్చిపోయామని వాళ్లు మర్నాడు పరిగెత్తుకొస్తారు. తప్పకుండా వస్తారు. అందుకని మార్చకముందు ఫైలు ఇంకొకటి దాచుకో.

ఫోటోషాప్ పెళ్లికూతుర్ని చేసే బ్యూటీపార్లర్. మొటిమ తీస్తుంది, రంగు తెస్తుంది, చెయ్యెత్తని మేనమామ చేత ఆశీర్వాదం కూడా ఇప్పిస్తుంది. కానీ దాని ప్రపంచమంతా చిన్న చిన్న గళ్లు. నెట్‌లో దొరికిన చిన్న బొమ్మను పెద్దది చేస్తే గచ్చు మీద పరిచిన బండల్లా కనిపిస్తుంది. శేఖర్ విజిటింగ్ కార్డు మీద అడ్రసు కూడా దాన్లోనే కొట్టేవాడు. అచ్చయ్యాక ఆ అక్షరాలు చూస్తే కళ్లజోడు మర్చిపోయి వచ్చామేమో అనిపించేది.

మాకు దీని మీద రోజూ తగువు. శేఖర్ కోరల్‌ను "స్టిక్కర్లోల్ల సాఫ్ట్‌వేర్" అనేవాడు. నేను ఫోటోషాప్‌ను "మొహాలు కడిగే సాఫ్ట్‌వేర్" అనేదాన్ని. యాదగిరి గారు మెట్ల దగ్గర నిలబడి విని, "మీ ఇద్దరిట్ల ఒక్కలన్న కింద మిషిన్ ఎట్ల తిరుగుతదో సూసిన్రా?" అని దిగిపోయేవారు.

రాత్రి రంగు కార్డు

తిరుమలగిరి నుంచి స్వప్న అనే అమ్మాయి తన పెళ్లి కార్డు కోసం వచ్చింది. మాదాపూర్‌లో ఉద్యోగం, మెడలో కంపెనీ ట్యాగు. వాళ్లింట్లో ఎవరి పెళ్లయినా కార్డు యాదగిరి గారి ప్రెస్సులోనే. వాళ్ల నానమ్మ నర్సమ్మ గారు చెప్పాలి, ఈయన వెయ్యాలి, అదీ వాడుక.

"అంకుల్, పచ్చ కార్డు వద్దు, చుట్టూ గులాబీలొద్దు. మా ఆఫీసులో అందరికి ఇయ్యాలె. రాత్రి ఆకాశమసొంటి నీలం కావాలె. ప్లెయిన్‌గ ఉండాలె, మెరవాలె" అంది.

"మీ నానమ్మకు చెప్పినవా?"

"కార్డు సూశినంక ఆమెకే నచ్చుతది."

యాదగిరి గారు నా వైపు తిరిగారు.

"పద్మా, గిది నువ్వు జెయ్యి బిడ్డా. మంచిగొస్తే ఇగ కార్డుల పనంత నీదే. రాకుంటే నీ క్వశ్చన్ పేపర్లు ఎటూ పోవు."

అప్పటికి నేననుకున్నది ఒకటే. ఈ కార్డు బాగా వస్తే నేను డిజైనర్ని, లేకపోతే జీవితమంతా ఖాళీలు పూరించమని ఇతరులను అడుగుతూ బతకాలి.

ఇక నేను, శేఖర్ వాదనకు దిగాం. నీలం ఫోటోషాప్‌లో చేస్తేనే లోతుగా ఉంటుందని అతను. అక్షరాలు కోరల్‌లో చేస్తేనే పదునుగా ఉంటాయని నేను. మధ్యలో ఒక చుక్కల ఆకాశం వచ్చింది, పోయింది. చంద్రవంక వచ్చింది, అదీ పోయింది. చివరికి నీలం అతని దాంట్లో, అక్షరాలు నా దాంట్లో అని రాజీకొచ్చాం. వెండి రంగు అక్షరాలు, కింద సన్నటి గీత. రంగు ప్రింటు తీసి, దళసరి అట్టకు అతికించి, పైన మెరిసే లామినేషన్ వేయించాం. యాదగిరి గారు దాన్ని ఎత్తి పట్టుకుని, అందులో చూసుకుంటూ తల దువ్వుకున్నారు.

"మంచిగున్నది. మొఖం కనబడుతున్నది" అన్నారు.

మా ఇద్దరిలో ఎవరి సాఫ్ట్‌వేర్ వల్ల అంత బాగా వచ్చిందని సాయంత్రం దాకా మళ్లీ వాదించుకున్నాం.

నానమ్మ వేలు

మర్నాడు స్వప్న వాళ్ల నానమ్మను తీసుకొచ్చింది. సన్నటి మనిషి. మేడ మెట్లెక్కి వచ్చి, కుర్చీ వేస్తే కూర్చోలేదు. చేతిలో చిన్న స్టీలు డబ్బా ఉంది. కార్డు చేతికిచ్చాం. ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"నల్లగున్నది" అంది.

"నీలం, నానమ్మా" అంది స్వప్న.

"నీలమే తియ్యి. మంచిగనే ఉన్నది."

అప్పుడామె డబ్బా మూత తీసింది. లోపల తడిపిన పసుపు. ఉంగరం వేలు ముంచి కార్డు మూల మీద పెట్టింది. పసుపు చేమాకు మీద నీటిబొట్టులా ముద్దకట్టి జారింది. రెండో మూల మీద పెట్టింది. అదీ అంతే. ఆమె కార్డు నిలబెట్టి పట్టుకుని చూస్తుంటే, పైమూల నుంచి ఒక చుక్క మెల్లగా దిగి వెళ్లి పెళ్లికొడుకు పేరు మీద ఆగింది.

"ఏందిది, అంటుతలేదు?"

"లామినేషన్ నానమ్మా. ఏం పడ్డా తుడిస్తే పోతది, కార్డు ఖరాబు కాదు" అంది స్వప్న.

"తుడిస్తే పోవుడు కాదే నాకు గావాల్సింది. ఉండాలె." పెళ్లికొడుకు పేరు వైపు చూపించింది. "సూడు, పిలగానికి పెండ్లి ముందలనే పసుపు స్నానం జేపిస్తున్నవు."

శేఖర్ నవ్వబోయి ఆపుకున్నాడు. నర్సమ్మ గారు కార్డు టేబుల్ మీద పెట్టింది.

"బిడ్డా, పసుపు లేని కార్డు పట్కొని నేను ఎవ్వలింటికి పోను. తలుపు తీసెటోల్లు ఏమనుకోవాలె? శుభానికొచ్చిన్నా, దినాలకు పిలువొచ్చిన్నా?"

పెళ్లి కార్డు నాలుగు మూలలకు పసుపు పెట్టి ఇస్తారని మాకు తెలియక కాదు. నాకు తెలుసు, శేఖర్‌కు తెలుసు, ఏళ్ల తరబడి కార్డులు వేసిన యాదగిరి గారికి తెలుసు. కానీ అది కార్డు మా దగ్గర్నుంచి వెళ్లిపోయాక జరిగే పని. మా మూడు సాఫ్ట్‌వేర్లలోనూ దానికి బటన్ లేదు. అందుకని ఎవరికీ గుర్తు రాలేదు.

"బేస్తారం మంచిగున్నది. మొదటి కార్డు దేవుని కాడ పెట్టాలె" అంది నర్సమ్మ గారు. "గప్పటిదాంక దీనికి పసుపు అంటితే ఇదే కానియ్యి. లేకుంటే మన పాత పచ్చ కార్డే షురూ జెయ్యి యాదగిరీ."

స్వప్న మెడలో ట్యాగును వేలికి చుట్టుకుంటూ నానమ్మ వెనక దిగిపోయింది. యాదగిరి గారు బల్ల మీదున్న ఎనిమిదో తరగతి సోషల్ ప్రశ్నపత్రాన్ని నా కీబోర్డు పక్కకు జరిపారు.

ఇంటికెళ్లి చెబితే అమ్మ పడీ పడీ నవ్వింది. "ఏటే, మీ అన్నయ్య పెళ్లికి కార్డులన్నింటికీ పసుపు నువ్వే రాసినావు. సేతులు పచ్చగయిపోనాయని కాలేజీకి ఎళ్లనన్నావు. ఆ సేతుల్తోనే కదే ఈ కార్డు సేసినావు?"

శేఖర్ చికిత్స

బేస్తవారానికి వారం కూడా లేదు. మర్నాడు పొద్దున్నే శేఖర్ హుషారుగా వచ్చాడు.

"గింత దానికి ఎందుకు తక్లీఫ్? పసుపు మనమే ప్రింట్ చేద్దాం."

నిజం పసుపు తెప్పించి, కాగితం మీద వేలితో పూసి స్కాన్ చేశాడు. స్కానర్ అద్దం పచ్చగా అయింది. అది తుడవడానికే పూట పట్టింది. తర్వాత ఆ బొమ్మను ఫోటోషాప్‌లో శుభ్రం చేసి, అంచుల్లో కొంచెం తడి, కింద కొంచెం నీడ పెట్టి, కార్డు నాలుగు మూలల్లో అమర్చాడు. అన్యాయంగా మాట్లాడకూడదు, అద్భుతంగా చేశాడు. ప్రింటు తీసి లామినేట్ చేస్తే ఇప్పుడే ఎవరో పెట్టి వెళ్లినట్టుంది. నాకు కొంచెం కుళ్లు కూడా పుట్టింది.

యాదగిరి గారు కబురు పంపితే నర్సమ్మ గారు మళ్లీ మెట్లెక్కింది. కార్డు చూసి మొహం వికసించింది.

"ఎవలు పెట్టిన్రు? మంచిగ పెట్టిన్రు."

శేఖర్ కాలరు సర్దుకున్నాడు. ఆమె మూల మీద వేలితో రుద్దింది. వేలు చూసుకుంది. ఇంకోసారి రుద్ది, వేలు వెలుగులో పెట్టి చూసుకుంది.

"ఇది పసుపు ఫోటోనా?"

"అవునమ్మా. అసలు దానిలెక్కనే ఉన్నది గదా" అన్నాడు శేఖర్.

"ఉన్నది బిడ్డా. నీ పెండ్లి ఇంక కాలే గదా? పిలువు, వస్త. అన్నం ఫోటోలు వడ్డిద్దువు."

యాదగిరి గారు గోడ పట్టుకుని నవ్వారు. కింద ప్రెస్సులోకి వెళ్లి అక్కడ కూడా చెప్పి నవ్వించారు. శేఖర్ ఆ రోజు టీ కూడా తాగలేదు. నాకూ నవ్వు వచ్చింది గానీ ఎక్కువసేపు నిలవలేదు. శేఖర్ ఓడితే అతనికి ఇంకో పది పనులున్నాయి. నాకున్నది ఎనిమిదో తరగతి సోషల్.

వంటింటి పరీక్ష

మర్నాడు అమ్మ డబ్బాలోంచి పసుపు పొట్లం కట్టుకుని వెళ్లాను. ప్రెస్సులో ఉన్న అట్ట ముక్కలన్నీ తెచ్చుకున్నాను. నునుపుది, గరుకుది, వార్నిష్ వేసింది, లామినేషన్ వేసింది, నీలం రంగు పడింది, ఏ రంగూ పడనిది. ఒక్కోదాని మీద వేలితో పసుపు పెట్టి, వెనక పేరు రాసి, కిటికీ దగ్గర ఆరబెట్టాను. కీబోర్డు పచ్చబడింది. పైకొచ్చిన యాదగిరి గారు, "ప్రెస్సు పెట్టుకున్ననా, వంటిల్లు పెట్టుకున్ననా?" అన్నారు. కానీ వెళ్లిపోలేదు. ఒక్కో ముక్కనూ తీసుకుని తానూ రుద్ది చూశారు.

ఆరాక తేలింది ఇది. లామినేషన్ మీదా, వార్నిష్ మీదా పసుపుకు పట్టు లేదు. మామూలు నీలం మీద అంటింది గానీ బురద పడ్డట్టుంది. రంగూ మెరుపూ లేని ఒట్టి అట్ట మీదే పసుపు పసుపులా ఉంది, రుద్దినా పోలేదు.

అంటే మూలల్లో నీలం ఉండకూడదు, మెరుపూ ఉండకూడదు. మిగతా కార్డంతా రెండూ ఉండాలి. లామినేషన్ ప్లాస్టిక్ పొర, వేస్తే మొత్తం మీద పడుతుంది. కానీ వార్నిష్ అలా కాదు. ఎక్కడ మెరవాలో ఆ ఆకారం మాత్రం మనం వేరే పేజీలో నల్లగా గీసిస్తే, అక్కడ మాత్రమే పూస్తారు. పని కోరల్‌దని అర్థమైంది. అయితే మూలల్లో ఏ ఆకారం వదలాలి? గుండ్రంగా వదిలితే చిల్లు పడ్డట్టుంది. ముక్కోణంలా కత్తిరిస్తే ఫోటో ఆల్బమ్‌లా ఉంది.

చివరికి స్వప్నకు ఫోన్ చేసి, "ఒట్టి కార్డు పంపుతున్నాను, మీ నానమ్మ గారిని ఎప్పటిలా నాలుగు మూలలకూ పసుపు పెట్టి పంపమనండి" అన్నాను.

"ఏం అచ్చెయ్యని కార్డుకా?"

"అవును."

"ఆమె నన్ను తిడతది. సరే, పంపండి."

సాయంత్రానికి వచ్చింది. ఆమె వేలు మూల నుంచి లోపలికి లాగుతుందనుకుంటాను, ఒక్కోటీ చిన్న మామిడిపిందెలా పడింది. నాలుగూ ఒకేలా లేవు. కార్డు తిప్పుతూ పెట్టింది కాబోలు, ఒకటి కొంచెం వంకర. దాన్ని స్కాన్ చెయ్యడానికి శేఖర్ దగ్గరికే వెళ్లాను. అద్దం మీద ముందే ప్లాస్టిక్ కాగితం పరిచి ఉంచాడు. పాఠం నేర్చుకున్నాడు. ఫోటోషాప్‌లో ఆ మచ్చలను శుభ్రం చేసి, అంచులు తేల్చి ఇచ్చాడు. వాటి చుట్టూ కోరల్‌లో గీత గీసి, నీలంలోంచి కత్తిరించి తీసేశాను, వార్నిష్‌లోంచీ తీసేశాను. వంకరది వంకరగానే ఉంచాను.

పాపం పేజ్‌మేకర్‌కు ఇందులో పనేమీ లేదు. అది వెనక తెరిచి ఉంచిన సోషల్ ప్రశ్నపత్రంతో ఓపిగ్గా కూర్చుంది.

అచ్చు ప్లేట్ల కోసం కిందికి ఫిల్ము ఇచ్చే ముందు స్వప్న వచ్చి చూసింది. నీలంలో నాలుగు లేత మామిడిపిందెలు.

"ఇదేం డిజైన్? బాగుంది. ఎక్కడిది?"

"మీ నానమ్మ వేలు."

ఆ అమ్మాయి తెర దగ్గరికి వంగి చాలాసేపు చూసింది. "ఇది వంకరుంది" అంది. నేను సరిచేయడానికి మౌస్ పట్టుకున్నాను. "వద్దండి. గట్లనే ఉంచుండ్రి" అంది.

ముందు ఏది నేర్చుకోవాలంటే

శిరీషా, నేను కోరల్ పార్టీ కాబట్టి కోరల్ అంటాను. శేఖర్‌నడిగితే ఫోటోషాప్ అంటాడు. ఫోటోల విషయంలో అతని మాటే విను. మూడు పనులూ ఒక్కటే చేస్తుందని ఇప్పుడు ఇంకోటి వచ్చిందంటున్నారు కదా, అదీ నేర్చుకో. నా సాఫ్ట్‌వేరే గొప్పదని గట్టిగా చెప్పేవాళ్లకు మిగతా రెండూ రావని నా అనుభవం. మేమిద్దరం అలాగే ఉండేవాళ్లం.

కానీ ఏది తెరిచినా ముందు ఇది ఎవరి చేతికి వెళ్తుంది, వాళ్లు దీన్నేం చేస్తారని అడుగు. ప్రశ్నపత్రం మీద పిల్లలు పెన్నుతో రాస్తారు. మెనూ కార్డు మీద సాంబారు పడుతుంది. స్కూలు మ్యాగజైన్‌లో ప్రతి తల్లీ తన పిల్ల ఫోటో ఉన్న పేజీ ఒక్కటే చూస్తుంది, ఆ పేజీ మడత దగ్గర ఉంటే నిన్ను తిట్టుకుంటుంది. నువ్వు తెర మీద చూసేది సగం పనే. యాదగిరి గారు రోజూ మానిటర్‌కు దండం పెట్టి చెప్పేది ఇదే. చెప్పే పద్ధతి వల్ల మాకు హాస్యంగా ఉండేది.

రెండో ప్రశ్న

బేస్తవారం పొద్దున కార్డులు కింద యంత్రం మీంచి దిగి, వార్నిష్ ఆరి, పైకొచ్చాయి. నర్సమ్మ గారు స్నానం చేసి, డబ్బా పట్టుకుని నేరుగా వచ్చేసింది. దేవుడి దగ్గర పెట్టే కార్డుకు పసుపు అంటుతుందో లేదో ఇక్కడే తేల్చుకుంటానంది. వెనకే స్వప్న, ఆఫీసుకు సెలవు పెట్టి.

యాదగిరి గారు కట్ట విప్పి పై కార్డు ఇచ్చారు. ఆమె వేలు ముంచింది. నేను సోషల్ ప్రశ్నపత్రం వైపు చూస్తూ నిలబడ్డాను.

మొదటి మూల. వేలు తీసింది. పసుపు ఉండిపోయింది. రెండో మూల, మూడోది. నాలుగోది పెట్టి, వేలు లాగబోయి ఆగింది. లేత మామిడిపిందె ఆమె వేలి కింద సరిగ్గా సరిపోయింది. వంకరది కూడా.

"ఇదేంది, నా ఏలిని కొలిచినట్టున్నది?"

"కొలిచిన్రు నానమ్మా" అంది స్వప్న.

ఆమె కార్డు నిలబెట్టి చూసింది. ఏదీ జారలేదు. కొంగుతో ఒక మూల అద్దింది. పసుపు అక్కడే ఉంది. స్వప్న చేతికి కార్డు ఇచ్చి, "పట్టు. దేవుని కాడ పెడుదువు గాని" అంది.

వేలికి ఇంకా పసుపు మిగిలింది. తుడుచుకోవడానికి అటూ ఇటూ చూసింది. నా మానిటర్ మీద అదే కార్డు పెద్దగా తెరిచి ఉంది, నాలుగు ఖాళీ మూలలతో. ఆమె దగ్గరికొచ్చి, మానిటర్ చుట్టూ ఉన్న తెల్లటి ప్లాస్టిక్ చట్రానికి ఒక మూల పసుపు పెట్టింది.

"అమ్మా, అది కంప్యూటర్" అన్నాడు శేఖర్ కంగారుగా.

"నాకు ఎరికే. అన్నిటికన్న ముందల కార్డు దీనికే అందింది గదా" అంటూ మిగతా మూడు మూలలకూ పెట్టింది.

యాదగిరి గారు నా కీబోర్డు పక్కనున్న సోషల్ ప్రశ్నపత్రం తీసుకుని చంకలో పెట్టుకున్నారు. "శేఖర్, టైపింగ్ వచ్చిన పిల్ల ఎవలన్న ఉంటే జెర చెప్పు" అంటూ మెట్లు దిగారు.

ఆ పసుపును నేను తుడవలేదు, ఎవరినీ తుడవనివ్వలేదు. ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయింది. శిరీషా, ఆ స్పిరిట్ సీసా దాచిపెట్టు. మౌస్ లోపలి బంతి తుడుచుకోవడానికి పనికొస్తుంది.